జ్యూరిక్ నగరంలో ఒక వారం

విదేశయాత్ర చేసి వచ్చిన ఉద్యోగిని క్యాంటీనులో తోటివారు అడిగే మొదటి ప్రశ్న "ఏమేమి చూశారు?" అన్నది. స్విట్జర్లాండు వెళ్ళివచ్చానని తెలిసినవారు ఆ ప్రశ్న కూడా అడగరు. "మంచుకొండ ఎక్కారా? ఫోటోలు చూపించండి" అని నేరుగా చేయి చాస్తారు. మేము మంచుకొండ ఎక్కలేదు. యుంగ్‌ఫ్రావ్ శిఖరం దరిదాపులకు కూడా పోలేదు. 2023 జూన్ నెల రెండవ వారంలో ఏడు రోజులపాటు ఒకే నగరంలో ఉండి, ఒక సరస్సునూ, ఒక నదినీ, నాలుగు అడవి బాటలనూ చూసి తిరిగివచ్చాము. ఈ మాట చెప్పగానే వినేవారి ముఖంలో ఉత్సాహం సన్నగిల్లుతుంది. అయినా ఈ యాత్రను గురించి మన పత్రికకు వ్రాయవలసిందేనని నా శ్రీమతి పట్టుబట్టింది. అందుకు కారణం ప్రకృతి సౌందర్యం ఒక్కటే కాదు.

మాతో వచ్చినవారు నా మిత్రుడూ, ఆయన సతీమణి. అసలు మేమే వారితో వెళ్ళాము అనడం న్యాయం. ఆయనా నేనూ 1989లో ఒకే రోజున శిక్షణార్థులుగా చేరినవాళ్ళం. ఆయన టర్బైన్ బ్లేడుల విభాగంలోనూ, నేను నిర్మాణ స్థలాల్లో యంత్రాలను నిలబెట్టి నడిపించే విభాగంలోనూ తలలు నెరపినవాళ్ళం. పేరు వ్రాయవద్దని ఆయన కోరిక. నేను ఆయనను "భాయీ" అని పిలుస్తాను. ఆయన నన్ను నా శాకాహార నియమాన్ని పురస్కరించుకొని "పంతులూ" అని పిలుస్తాడు. కడప జిల్లావాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు సామెత చెప్పవలసివస్తే మా అందరికంటె ముందు ఆయన నోటనే వస్తుంది. ఆయన కుమార్తె జ్యూరిక్‌లో పరిశోధన చేస్తున్నది. "నాన్నా, ఉద్యోగ విరమణ అయ్యాక వస్తానంటే కుదరదు, ఇప్పుడే రావాలి, అంకుల్ ఆంటీలను కూడా తీసుకొని రావాలి" అని ఆ అమ్మాయి ఆజ్ఞ. ఆయన గుండెకు స్టెంటు వేసి అప్పటికి ఏడాది. ఎత్తయిన ప్రదేశాలకు పోవద్దనీ, నిదానంగా నడవడం మాత్రం మంచిదనీ వైద్యులు చెప్పారు. కనుక మా యాత్ర స్వరూపాన్ని నిర్ణయించింది యాత్రా సంస్థ కాదు, ఒక హృద్రోగ నిపుణుడు.

శనివారం రాత్రి దిగాము. అమ్మాయి తాను స్నేహితురాలి ఇంటికి మారి, తన రెండు గదుల ఇంటిని మా నలుగురికీ అప్పగించింది. మరునాడు ఆదివారం. ఆ దేశంలో ఆదివారంనాడు రైల్వేస్టేషనులోని అంగళ్ళు తప్ప దాదాపు అన్ని దుకాణాలూ మూసివేస్తారని చదివి ఉన్నాను గాని, ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఊహించలేదు. ఉదయం ఐదున్నరకే సూర్యోదయం. కిటికీ తెరిస్తే చర్చి గంటలూ, పక్షుల కూతలూ, దూరంగా ట్రాము పట్టాల రాపిడీ తప్ప మరొక శబ్దం లేదు. ముప్పైనాలుగేళ్ళు టర్బైన్ల హోరు విన్న చెవులకు ఆ నిశ్శబ్దం మొదటి గంటలో ఏదో యంత్రం ఆగిపోయిందేమోనన్న ఆందోళన కలిగించింది. ఇది హాస్యానికి చెప్పడం లేదు. లేచి కూర్చున్న భాయి కూడా "ఏదో ట్రిప్ అయినట్లుంది పంతులూ" అన్నాడు.

ఆ ఉదయం నడుచుకుంటూ సరస్సు ఒడ్డుకు చేరాము. జ్యూరిక్ సరస్సు అరటిపండు ఆకారంలో సుమారు 40 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంటుంది. వైశాల్యం 88 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 136 మీటర్లు. హిమానీనదం తొలిచిన పల్లంలో నీరు నిలిచి ఏర్పడిన సరస్సు అది. ఒక కొసన లింత్ నది వచ్చి చేరుతుంది. మరొక కొసన నగరం నడిబొడ్డున లిమ్మాట్ నది బయలుదేరి, ఆరె నదిలో కలిసి, అటుపైన రైన్ నదిలో చేరి ఉత్తర సముద్రానికి పోతుంది. నగరం మధ్యలో వంతెనపై నిలబడి వంగి చూస్తే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. నాలుగు లక్షలకు పైగా జనాభా ఉన్న నగరం నుండి బయటికి వచ్చే నీరు ఇలా ఉండవచ్చునా అని నా శ్రీమతి అడిగింది. హుస్సేన్‌సాగర్ గట్టుమీద ముక్కు మూసుకొని నడిచిన అనుభవం ఆమె చేత ఆ ప్రశ్న అడిగించింది.

ఆ నీరు ఎప్పుడూ అలాగే లేదు. 1960వ దశకంలో ఇళ్ళ మురుగునీటి వెంట వచ్చిన ఫాస్ఫరస్ కారణంగా ఆ సరస్సులోనూ పాచి విపరీతంగా పెరిగింది. ఒడ్డునున్న గ్రామాలన్నీ మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టుకున్నాయి. 1986లో బట్టల సబ్బుపొడులలో ఫాస్ఫేటు వాడకాన్నే దేశవ్యాప్తంగా నిషేధించారు. ఈనాడు ఆ నగరం త్రాగే నీటిలో దాదాపు డెబ్బై శాతం ఆ సరస్సుదే. వీధులలో 1200కు పైగా త్రాగునీటి ఊటలు ఉన్నాయి. రాతి తొట్టెలోనికి ఇత్తడి గొట్టంనుండి రాత్రింబవళ్ళు నీరు పడుతూ ఉంటుంది. సీసా నింపుకొని పోవడమే. మొదటిరోజు ఒక నీళ్ళసీసా మూడున్నర ఫ్రాంకులకు కొన్నందుకు వారం పొడుగునా నా శ్రీమతి నన్ను ఆ ఊటల దగ్గర ఆపి మరీ జ్ఞాపకం చేసింది.

ఇక భోజనం సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పవలసి ఉన్నది.

స్విట్జర్లాండులో క్షీరదాలను ముందుగా స్పృహ తప్పించకుండా వధించడం 1893 నుండి నిషిద్ధం. ప్రజలే సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణ కోరే పద్ధతి ఆ దేశంలో ఉన్నది. ఆ పద్ధతిలో నెగ్గిన మొట్టమొదటి ప్రతిపాదన ఇదేనట. అయితే హలాల్, కోషర్ మాంసాన్ని పొరుగు దేశాల నుండి తెప్పించుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. అందుచేత అక్కడి ముస్లిం సోదరులకు మేక, గొర్రె మాంసం చాలావరకు సరిహద్దు దాటి రావలసిందే. స్పృహ తప్పించి కోసిన మాంసాన్ని హలాల్‌గా అంగీకరించేవారు కొందరు, అంగీకరించనివారు కొందరు. భాయి రెండవ కోవకు చెందినవాడు. ఆ విషయమై వాదన పెట్టుకోడు. నెమ్మదిగా అడుగుతాడు, సంతృప్తి కలగకపోతే శాకాహారం తెప్పించుకుంటాడు.

నగరంలో లాంగ్‌స్ట్రాసె అనే వీధి, దాని చుట్టుపక్కల పేట వలస వచ్చినవారికి నిలయం. టర్కీ, లెబనాన్, పాకిస్తాన్ వారి భోజనశాలలూ, హలాల్ మాంసం కొట్లూ, మన కొత్తిమీర, పచ్చిమిర్చి దొరికే అంగళ్ళూ అక్కడ ఉన్నాయి. సోమవారం సాయంకాలం అక్కడి ఒక టర్కీ భోజనశాలకు వెళ్ళాము. బల్లలు ఆరు, వడ్డించేవాడు ఒక్కడు. భాయి లేచివెళ్ళి మాంసం ఎక్కడిదని ఇంగ్లీషులో అడిగాడు. అతడు లోపలినుండి ధ్రువపత్రం తెచ్చి చూపించాడు. ఇటువంటి ప్రశ్నకు అతడేమీ నొచ్చుకోలేదు, రోజుకు పదిసార్లు వినే ప్రశ్న కాబోలు. నేను పప్పుచారు వంటిదొకటి తెప్పించుకున్నాను. కందిరంగులో పొగలు గ్రక్కుతూ, నిమ్మచెక్కతో వచ్చింది. చెంచా ముంచబోతుండగా భాయి నా చేయి పట్టుకున్నాడు. "ఒక్క నిమిషం పంతులూ" అని వడ్డించేవాణ్ణి పిలిచి, అది దేనితో కాచారని అడిగాడు. కోడిని ఉడికించిన నీళ్ళతో కాచారట. గిన్నె వెనక్కు పోయింది. నాకు శనగపిండి కాదుగాని శనగలు రుబ్బి వేయించిన వడలు, రొట్టె, పెరుగు వచ్చాయి.

ఆయన అడగకపోతే నేను త్రాగి ఉండేవాణ్ణి. త్రాగి, బాగున్నదని మరొక గిన్నె తెప్పించుకొని ఉండేవాణ్ణి కూడా.

రెండవ ఘట్టం మరునాడే జరిగింది. పాలూ వెన్నా జున్నూ కల దేశంలో శాకాహారికి భయమేమిటని నేను ధీమాగా ఉన్నాను. అంగడిలో గ్రూయేర్ అనే ప్రసిద్ధమైన చీజ్ ముక్కను బుట్టలో వేసుకుంటూ ఉండగా అమ్మాయి మొహమాటంగా, "అంకుల్, మీరు తింటారో లేదోనని నాన్న అడగమన్నారు. ఇందులో పాలు విరగడానికి లేగదూడ కడుపులోని రెన్నెట్ వాడతారు" అన్నది. ఆ తండ్రీకూతుళ్ళు ముందురోజు రాత్రి నాకోసం అన్ని అట్టలమీది అక్షరాలూ చదివి ఉంచారు. తమకోసం జెలటిన్ ఉన్నదా, సారా కలిసిందా అని చూసుకోవడం వారికి అలవాటు. ఆ కంటితోనే నా నియమాన్నీ కాపలా కాశారు. సూక్ష్మజీవులనుండి తీసిన రెన్నెట్‌తో చేసిన చీజ్ కూడా దొరుకుతుంది. ఆ వారమంతా దానితోనే సరిపుచ్చుకున్నాను. రుచిలో తేడా నాకు తెలియలేదు. తెలిసినవారికి తెలుస్తుందట.

ఆ మధ్యాహ్నం వారు మమ్మల్ని హిల్టల్ అనే భోజనశాలకు తీసుకుపోయారు. 1898లో ప్రారంభమై నేటిదాకా నడుస్తున్న శాకాహార భోజనశాల అది. ప్రపంచంలో నిరంతరాయంగా నడుస్తున్నవాటిలో అన్నిటికంటె పాతదని గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కింది. మాంసాహారమే మహాభోజనమైన ఆ కాలంలో అక్కడికి వచ్చేవారిని లోకులు ఎగతాళి చేసేవారట. ఇప్పుడు పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడాలి. మన కూరలు కూడా ఉన్నాయి. భాయి పళ్ళెంలో వంకాయ కూర చూసి నా శ్రీమతి, "అన్నయ్యగారూ, ఇంత దూరం వచ్చి మాకోసం మీరు వంకాయ తినడమేమిటి?" అన్నది. "చెల్లెమ్మా, ముప్పైనాలుగేళ్ళుగా వీడితో తింటున్నది అదే గదా" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు ఆ మాటలో పరిహాసమే వినిపించింది.

బుధవారంనాటి నడకను నేను మరచిపోలేను. నగరానికి పడమటి దిక్కున యూట్లిబెర్గ్ అనే కొండ ఉన్నది. ఎత్తు 870 మీటర్లు. మన హార్స్‌లీ హిల్స్ కంటె తక్కువ, కనుక వైద్యుడి ఆజ్ఞకు భంగం లేదు. 1875లో వేసిన రైలుమార్గం కొండపైదాకా పోతుంది. ఇంజనీరు మిత్రులు గమనించాలి, పంటిపట్టా లేకుండా, చక్రానికీ పట్టాకూ మధ్యనున్న ఘర్షణ మీదనే ఆధారపడి అది దాదాపు 8 శాతం వాలును ఎక్కుతుంది. పైన దిగితే ఒకవైపు సరస్సు, దానికావల వరుసలు తీరిన ఆల్ప్స్ పర్వతాలు. మంచు శిఖరాలను మేము అక్కడినుండే చూశాము. ఎక్కనందుకు చింత కలగలేదు.

అక్కడినుండి ఫెల్సెన్‌ఎగ్ అనే చోటికి శిఖరరేఖ వెంబడే సుమారు ఆరు కిలోమీటర్ల కాలిబాట. ఇరువైపులా బీచ్ చెట్లు. ఆ బాటమీద సౌరకుటుంబాన్ని వంద కోట్లకు ఒకటి చొప్పున తగ్గించి అమర్చారు. ఒక మీటరు నడిస్తే పది లక్షల కిలోమీటర్లు నడిచినట్లు. మొదట 1.39 మీటర్ల వ్యాసంగల సూర్యగోళం. అక్కడినుండి 150 మీటర్లు నడిస్తే భూమి, సుమారు 13 మిల్లీమీటర్లు, రేగుపండు గింజంత. గురుగ్రహం 778 మీటర్ల దూరాన. అంతవరకు గ్రహాలు చకచకా వస్తాయి. తరువాత నడిచినా నడిచినా ఏమీ రాదు. పాఠ్యపుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ ఒకే పుటలో ఇమిడిపోవడం ఎంత పెద్ద అబద్ధమో కాళ్ళకు తెలిసివచ్చింది.

గురుగ్రహం దాటాక మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. జొహర్ నమాజు వేళ. భాయి బాటకు పక్కగా గడ్డిమీద తువాలు పరచి దిక్కు చూడమన్నాడు. మన హైదరాబాదులో ఖిబ్లా అంటే పడమర. అలవాటు కొద్దీ నేను పడమర చూపించాను. దిక్సూచి తీసి ఆయన ఆగ్నేయానికి తిరిగాడు, ఉత్తరం నుండి లెక్కిస్తే 125 డిగ్రీలు. మూడు దశాబ్దాలలో ఎన్నోసార్లు ఆయన నమాజు చేసుకొని రావడం చూశాను గాని, చేస్తూ ఉండగా పక్కన కూర్చొని ఎదురుచూడడం అదే మొదటిసారి. ఎందుకంటే ఎప్పుడూ నాకు పని తొందర. ఆ మాట పైకే అన్నాను.

అప్పుడు భాభీ, "పని తొందరలో అన్నయ్యకు ఇఫ్తార్ వేళ కూడా జ్ఞాపకం ఉండేది కాదుగా" అన్నది. నిష్ఠూరంగా కాదు, పాత ముచ్చట చెప్పుకున్నట్లు. ఎప్పటి సంగతి అని అడిగాను.

1998 జనవరి నాటి సంగతి. ఉత్తర భారతంలోని ఒక థర్మల్ కేంద్రంలో మా యంత్రాన్ని తొలిసారి నడిపించే పనిమీద నలభై రోజులు ఉన్నాము. నేను బృందానికి నాయకుణ్ణి. ఆయన బ్లేడుల ప్రకంపనలు చూడడానికి వచ్చాడు. రంజాన్ నెల. ఆ అతిథిగృహంలో నేను దిగిన మొదటిరోజే పోట్లాడి నాకోసం ప్రత్యేకంగా ఒక స్టవ్వు, ఉల్లి తగలని గిన్నెలు, మధ్యాహ్నానికి సైటుకు వచ్చే క్యారియరు ఏర్పాటు చేయించుకున్నాను. ఆ పోట్లాటను చాలాకాలం గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. భాయికి సహరీ ఎవరు పెట్టారన్నది నాకు తట్టలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు వంటశాల తాళం వేసి ఉండేది. ముందురోజు కొన్న అటుకులు చన్నీళ్ళలో నానవేసుకొని తిని ఆయన ఉపవాసం పట్టేవాడట. యంత్రంలోనికి తొలిసారి ఆవిరి వదిలిన రోజున సాయంత్రం ఐదూ నలభైకి, సూర్యుడు క్రుంకే వేళకు, నేను ఆయనను మూడవ బేరింగు దగ్గర నిలబెట్టి ప్రకంపనలు చూసి చెప్పమన్నాను. వేగం నిమిషానికి 3000 చుట్లకు చేరి నిలకడపడేదాకా కదలవద్దన్నాను. రాత్రి ఎనిమిది దాటింది. ఆయన జేబులోని రెండు ఖర్జూరాలు నోట వేసుకొని నిలబడ్డాడు. నీళ్ళు ఎవరో వెల్డరు తెచ్చి ఇచ్చాడట. ఆ రోజు నా క్యారియరులో పులిహోర. అది మాత్రం నాకు బాగా జ్ఞాపకం ఉన్నది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

నమాజు ముగించి తువాలు మడుస్తున్న భాయి, "చెప్తే నువ్వు యంత్రం ఆపేవాడివా పంతులూ?" అన్నాడు. "ఆపకూడదు కూడా. ఎవరైనా ఆ వేళకు దాన్ని ఆపుతారా? పద, శనిగ్రహం చూద్దాం."

యంత్రం ఆపనక్కరలేదు. బేరింగు దగ్గర మరొక మనిషిని పావుగంట నిలబెట్టవచ్చు. నేనే నిలబడవచ్చు. వంటవాడితో పోట్లాడినప్పుడు మరొక వాక్యం కలిపి ఉంటే తాళంచెవి కూడా దొరికేది. ఈ లెక్కలన్నీ ఇరవైఐదేళ్ళు ఆలస్యంగా చేసుకుంటూ నడిచాను. శనిగ్రహం నుండి యురేనస్ వరకు ఆ బాటమీద 1.4 కిలోమీటర్లు. అంత దూరమూ నేను మాట్లాడలేదు. ముందు ఆడవారిద్దరూ ఏదో చెట్టు పేరు గురించి వాదించుకుంటున్నారు. భాయి నా పక్కనే నడుస్తూ, దూరాన పడవ ఒకటి సరస్సుమీద గీస్తున్న తెల్లని గీతను చూపించాడు. ఫెల్సెన్‌ఎగ్ వద్ద తాడుపెట్టె ఎక్కి కిందికి దిగాము.

మిగిలిన రోజులు వేగంగానే గడిచాయి. గురువారం సీల్‌వాల్డ్ అడవిలో మూడు గంటలు తిరిగాము. శతాబ్దాల తరబడి నగరానికి వంటచెరకు అందించిన అడవి అది. 2000 నుండి అక్కడ చెట్టు నరకడం మానివేశారు. పడిన మానును పడినచోటనే వదిలేస్తారు. దానిమీద నాచు, నాచుమీద పుట్టగొడుగులు, పురుగులు, వాటికోసం వడ్రంగిపిట్టలు. స్క్రాపు యార్డును ఖాళీ చేయడమే సమర్థతగా భావించే నావంటివాడికి అక్కడి పద్ధతి కొత్త పాఠం.

శుక్రవారం ఉదయం రైన్ జలపాతానికి పోయివచ్చాము. రైలులో గంటలోపు ప్రయాణం. ఎత్తు 23 మీటర్లే, వెడల్పు మాత్రం 150 మీటర్లు. సగటున సెకనుకు 370 ఘనమీటర్లకు పైగా నీరు పడుతుంది. కాగితంమీద 80 మెగావాట్ల పైచిలుకు. ఆ లెక్క వేయకుండా జలపాతాన్ని చూడడం నాకు చేతకాలేదు. దాని ఒడ్డునే 1888లో ఆ నీటి శక్తితో అల్యూమినియం తయారీ ఆరంభించారు. ఇప్పుడు జలపాతంలో అధిక భాగాన్ని చూపరులకే వదిలిపెట్టారు. భాయి ఆ మధ్యాహ్నం జుమా నమాజుకు నగరానికి తిరిగి రావలసి ఉన్నందున పదకొండుకే బయలుదేరాము. రైలు వేళలు చూసి టిక్కెట్లు కొన్నది నేనే. ఒక చిన్న విషయం, అయినా వ్రాయాలనిపించింది.

వృత్తిరీత్యా ఒక తీర్థయాత్ర కూడా చేశాము. ఎషర్ విస్ అనే సంస్థ 1805లో నూలుమిల్లుగా పుట్టి, తరువాత జలయంత్రాలకూ ఆవిరి యంత్రాలకూ పేరు పొందింది. దాని పేరు ఇప్పుడు ఒక ట్రాము కూడలికి మిగిలింది. ఓడలు కట్టిన షెడ్డు నాటకశాల అయింది. ఆవిరి టర్బైన్ చదివిన ప్రతివాడికీ తెలిసిన ఆరెల్ స్టొడోలా 1892 నుండి 1929 వరకు ఈ నగరంలోని పాలిటెక్నిక్ విద్యాలయంలోనే బోధించాడు. ఆయన 1903నాటి గ్రంథంలోని సూత్రాన్ని మేమిద్దరం శిక్షణ కాలంలో ఒకే నోటుపుస్తకంలో వ్రాసుకున్నాము. ఆ విద్యాలయం మెట్లమీద కూర్చొని ఆ సూత్రం గుర్తుందా అని పరీక్ష పెట్టుకుంటే, భాయి చెప్పాడు, నేను సగంలో ఆగాను.

నదిమీద స్త్రీలకు మాత్రమే ప్రవేశమున్న పాత స్నానఘట్టం ఒకటి ఉన్నది. చెక్కతో కట్టిన తేలియాడే మండపం. మా ఆడవారిద్దరూ అందులో పాదాలు నీటిలో పెట్టుకొని రెండు గంటలు కూర్చున్నారు. అవతలి ఒడ్డున మేమిద్దరం రైలు తప్పిన ప్రయాణికులవలె పచార్లు చేశాము. ఏమి మాట్లాడుకున్నారని తరువాత అడిగితే నా శ్రీమతి ఒక్క విషయం మాత్రం చెప్పింది. "ఈ వారం రోజులూ వాళ్ళు ఆ ఇంట్లో మాంసం వండలేదండీ. మనం ఉన్నామని. ఆ పిల్ల వారంవారం వండుకునేదట. మనం రాకముందే ఆ గిన్నెలన్నీ పెట్టెలో సర్ది స్నేహితురాలి ఇంట్లో పెట్టివచ్చింది."

శుక్రవారం సాయంకాలం అమ్మాయి విద్యాలయం నుండి రాగానే, "నాకు లాంగ్‌స్ట్రాసె దాకా తోడు వస్తావా?" అని అడిగాను. ఎందుకో చెప్పాక ఆ పిల్ల కాసేపు నా ముఖంలోకి చూసి, "అంకుల్, మీరు బయట నిలబడండి, నేను తెస్తాను" అన్నది. వద్దన్నాను. మాంసం కొట్టులో అడుగుపెట్టడం యాభైఏడేళ్ళలో అదే మొదలు. వాసనకు మొదట కొంచెం తల తిరిగిన మాట నిజం. తెల్లని పలకలు, అద్దాల బీరువా, గోడమీద ధ్రువపత్రం. అది ఏ దేశం నుండి వచ్చినదని నేనే అడిగాను. కొట్టువాడు ఓపికగా చెప్పాడు. గొర్రెమాంసం, ఒక కిలో. చూడడానికి శుభ్రంగా ఉన్న ముక్కను ఎంచి చూపించాను. డబ్బు నేనే ఇచ్చాను. పొట్లం ఉన్న సంచీని కూడా నేనే పట్టుకొని ట్రాములో కూర్చున్నాను. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చున్నది.

ఇంటికి వచ్చి సంచీ బల్లమీద పెడితే నా శ్రీమతి నోట మాట రాలేదు. భాభీ మాత్రం "ఇదేమిటన్నయ్యా, మీరుండగా ఈ ఇంట్లో ఎలా వండుతాము" అంటూ వెనక్కు నెట్టబోయింది. "మేమిద్దరం బాల్కనీలో కూర్చుంటాము, మా పెరుగన్నం మాకుంది, మీరు వండకపోతే రేపు విమానం ఎక్కను" అన్నాను. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి పరుగెత్తి గిన్నెల పెట్టె తెచ్చింది. వంట పూర్తయ్యేసరికి తొమ్మిది దాటింది. జూన్ నెలలో అక్కడ సూర్యుడు రాత్రి 9 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అస్తమిస్తాడు. భాయి మగ్రిబ్ నమాజు చేసుకొనివచ్చేదాకా అందరమూ ఆగాము. బాల్కనీ తలుపు తెరిచే ఉంచమని నేనే అన్నాను. ఆయన ఒక ముద్ద తిని, రెండవ ముద్ద కలిపి, ఆగి, నావైపు చూశాడు.

"పంతులూ, కొన్నది నువ్వేనా?"

"నేనే."

"అందుకే ఇలా ఉంది. అంతా తొడ మాంసం తెచ్చావు. పులుసుకు ఎముక ఉండాలయ్యా, ఎముక లేనిదే రుచి ఎక్కడిది? కొట్టువాడు నిన్ను చూసి వాడికి కావలసినది అంటగట్టాడు" అని, భాభీ వైపు పళ్ళెం చాచి, "ఇంకొంచెం వెయ్యి" అన్నాడు.